కుంటి మొక్కు

ఎవరింటికి వెళ్ళినా నేను ముందు గుమ్మం బయట విడిచిన చెప్పులు చూస్తాను. ఆ ఇంటి ఆడవాళ్ళకు చెప్పులున్నాయా లేవా, ఉంటే తొడిగి అరిగినవేనా, లేక పండక్కి కొని మూల పెట్టినవా అని. మా ఆయన నవ్వుతాడు, "నీకు మనుషుల మొహాలు కనపడవా" అని. కనపడతాయి. మొహాలు తరవాత చూస్తాను.

ఈ జబ్బు నాకు అంటించింది శ్రీశైలం యాత్ర. నడిచి కొండకు పోయొస్తే మనసు కుదుటపడుతుందని, జన్మ ధన్యమవుతుందని ఎవరైనా నా ఎదుట చెబితే నాకు ఒళ్ళు మండుతుంది. వాళ్ళకు అయితే కావచ్చు. నా తొమ్మిదో ఏట వెళ్ళొచ్చిన యాత్ర నాకు పెళ్ళయి ఏడో నెల వచ్చేదాకా మా ఇంట్లో సాగుతూనే ఉంది. అన్నేళ్ళూ దాన్ని నడిచింది మా అమ్మ ఒక్కతే.

మాది గురజాలకూ కారంపూడికీ మధ్య ఒక మెట్ట ఊరు. ఇంట్లో నాయనమ్మ, నాయన, అమ్మ, నేను. అమ్మ నాయనమ్మకు పరాయి పిల్లేం కాదు, సొంత అన్న కూతురు. మేనరికం. అందుకని కోడలై కూడా "అత్తా, నువ్వు" అని చనువుగా పిలిచేది. ఆ చుట్టరికం వల్ల అమ్మకు ఒరిగింది ఆ పిలుపు ఒక్కటే.

నాకు ఏడాది నిండకముందు కోరింత దగ్గు పట్టుకుందట. దగ్గి దగ్గి నీలం తిరిగిపోయేదాన్నట. అమ్మ నన్ను భుజాన వేసుకుని దించకుండా తిరిగిందట. నాయనమ్మ మాత్రం పొయ్యి దగ్గర నుంచి లేచి, శ్రీశైలం ఉన్న దిక్కుకు తిరిగి చేతులెత్తి, "మల్లన్నా, ఈ పిల్ల బతికి బట్టకడితే దీని కాళ్ళతో దీన్నే నీ కొండకి నడిపించుకొస్తా" అని మొక్కిందట. దగ్గు తగ్గింది. పేరు మొక్కుకు వచ్చింది, అమ్మకు భుజం నెప్పి వచ్చింది.

ఇక్కడే నాకు కడుపు మండేది. మొక్కింది ఆవిడ, నడవాల్సింది నేను. ఆ మొక్కేదో తన కాళ్ళతో మొక్కుకోవచ్చుగా! అబ్బే. ఇంకా పాకడం కూడా రాని పిల్ల కాళ్ళను ఆవిడ దేవుడికి ఇచ్చేసింది. మా వైపు ఇది మామూలే. పిల్ల జుట్టు, పిల్ల చెవులు, పిల్ల కాళ్ళు, అన్నీ పెద్దవాళ్ళు మొక్కుకోవడానికే ఉన్నాయి.

నాకు తొమ్మిదో ఏడు వచ్చాక, మాఘమాసంలో, శివరాత్రికి అందుకునేలా బయలుదేరాం. మా ఊరివాళ్ళు, చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు కలిసి పెద్ద గుంపు. పసుపు నీళ్ళలో ముంచిన బట్టలు, నెత్తిన బియ్యం మూటలు. కాలికి చెప్పు ఉండకూడదు. ఉల్లి, వెల్లుల్లి ముట్టకూడదు. మొక్కున్నవాళ్ళు బండి ఎక్కకూడదు. ముందు నడిచేవాళ్ళు "చేదుకో మల్లన్నా" అని అరిస్తే వెనకవాళ్ళు అందుకునేవారు. బావిలోంచి నీళ్ళు చేదినట్టు మమ్మల్ని పైకి చేదుకో అని దేవుణ్ణి అడగటం. నా గొంతు అందరికంటే పైన ఉండేది. అబద్ధమెందుకు, మొదట్లో నాకు చానా సంబరంగా ఉండింది. బడి లేదు, పేడ ఎత్తే పని లేదు, దారిలో ప్రతి ఊళ్ళో మజ్జిగ ఇచ్చేవాళ్ళు. కారంపూడి దాటాం, దుర్గి దాటాం, ఎర్రగొండపాలెం చేరాం. అప్పటిదాకా నా కాళ్ళు నావే అన్నట్టు ఎగురుకుంటూ నడిచాను.

ఎర్రగొండపాలెం దాటాక అంతా రాళ్ళ దారి. అక్కడ ఒక మొన రాయి నా అరికాలిని చీల్చింది. అమ్మ తన చెంగు చింపి కట్టు కట్టింది. కాసేపటికి కట్టు మొత్తం ఎర్రబడింది. నేను కాలు కింద పెట్టలేక కుంటుతూ, ఏడుస్తూ, గుంపుకు బాగా వెనకబడ్డాను. నాయనమ్మ, నాయన ముందు భజన చేసేవాళ్ళతో వెళ్ళిపోయారు. నాకోసం ఆగింది అమ్మ ఒక్కతే.

వెనకనుంచి ఒక ఎడ్లబండి వచ్చింది. దోర్నాల సంతకు ఉల్లిపాయల బస్తాలు వేసుకుపోతున్న ఒక సాయెబు తాత తోలుతున్నాడు. నన్ను చూసి ఎడ్లను ఆపాడు.

"ఏందమ్మా, బిడ్డ కాలు అట్టా కారతంటే నడిపిస్తన్నావ్? ఎక్కించు పైకి."

"మొక్కు ఉంది తాతా. బండెక్కకూడదు."

"మొక్కు మొక్కే. రగతం రగతం గాదూ? ఎక్కించమ్మా, నీ దేవుడికి నేను జెప్పుకుంటాలే."

అమ్మ ముందుకు చూసింది. గుంపు మలుపు తిరిగి కనపడకుండా పోయింది. అమ్మ నన్ను ఎత్తి ఉల్లిపాయల బస్తాల మీద కూర్చోబెట్టింది. తను మాత్రం ఎక్కలేదు. బండి వెనక కొయ్య పట్టుకుని, దోర్నాల దాకా, ఎడ్ల నడకతో సమానంగా నడిచింది. తాత కూడా ఎక్కమన్నాడు. "నాకు మొక్కు లేకపోయినా నడుస్తాలే తాతా, పిల్ల బదులు" అంది. ఆ మాట నేను నా చెవులతో విన్నాను.

పొద్దు వాలేవేళకు దోర్నాలలో సత్రం ముందు బండి ఆగింది. మా గుంపంతా అక్కడే దిగి వంటలకు రాళ్ళు పేర్చుకుంటున్నారు. నాయనమ్మ నన్ను బస్తాల మీద చూసింది. చేతిలో చెంబు కింద పడేసి పరుగెత్తుకొచ్చింది.

"దిగవే! దిగు కిందకి! ఏమే, నా మొక్కుని తీసుకొచ్చి ఉల్లిపాయల మీద కూర్చోబెడతావంటే!"

"కాలు చీలిందత్తా. చూడు, ఎట్టా వాచిందో."

"చీలితే చీలిద్ది. కొండకి పోయేదాని కాలు చీలక మల్లెపూలు పూసిద్దా? ఆయన జూసుకోడూ?"

నా కాలు వైపు ఆవిడ తల తిప్పలేదు. కాలు చీలిన పిల్ల ఆవిడకు కనపడలేదు. పాడైన మొక్కే కనపడింది. నాయన పక్కనే నిలబడి పంచె దులుపుకుంటున్నాడు. సాయెబు తాత బండి తోలుకుంటూ, "పెద్దమ్మా, నే జెప్తేనే ఎక్కించింది, నన్ను తిట్టుకో" అన్నాడు. ఆయన్ను తిట్టే అవసరం ఆవిడకు రాలేదు, తిట్టడానికి కోడలు ఎదురుగా ఉందిగా.

అక్కణ్ణించి అడవిలో నేను గుడ్డ చుట్టిన కాలితో నడిచాను. ఎక్కుడు దారి వచ్చినప్పుడల్లా అమ్మ నన్ను చంకనెత్తుకునేది. తొమ్మిదేళ్ళ పిల్ల చిన్న బరువా! దానికి మాత్రం నాయనమ్మ అడ్డు చెప్పలేదు. "తల్లి చంక బండి కాదులే" అంది పెద్దమనసుతో. శిఖరం మీదికి చేరి, కిందెక్కడో గోపురం కనపడగానే అందరూ ఏడ్చారు. నేనూ ఏడ్చాను. కాలి నెప్పికి ఏడ్చానో, గోపురాన్ని చూసి ఏడ్చానో నాకు ఇప్పటికీ తెలియదు.

తిరుగు దారిలో దోర్నాల నుంచి అందరూ బండ్లెక్కారు. నాయనమ్మ అందరికంటే ముందెక్కి కూర్చుంది. అది తప్పు కాదట. దేవుడు వచ్చేటప్పుడే చూస్తాడు కాబోలు, పోయేటప్పుడు కళ్ళు మూసుకుంటాడు.

ఇంటికి చేరి, నలుగురికీ అన్నం పెట్టుకుని, హమ్మయ్య అనుకున్న నెలలోనే మా చూడి గేదె ఈచుకుపోయింది, కడుపులోని దూడ పోయింది. గడ్డిలో ఏం తిన్నదో, ఏ దున్న పొడిచిందో ఎవరికి తెలుసు? నాయనమ్మకు తెలుసు. వాకిట్లో నిలబడి ఊరందరికీ వినపడేలా చెప్పింది.

"ఇది కుంటి మొక్కు. సగం నడిచి సగం బండెక్కిన మొక్కు. మల్లన్న ఊరుకుంటాడా?"

అమ్మకు ఒక జత కిర్రుచెప్పులుండేవి. మా ఊళ్ళో ఆడవాళ్ళు చెప్పులు తొడుక్కుని పెద్దల ముందు నడవరు. చేతిలో పట్టుకుని పోయి, ఊరు దాటాక చేల దగ్గర వేసుకుంటారు. ఆ ఉన్న ఒక్క జతనూ నాయనమ్మ తీసుకెళ్ళి చూరులో దోపింది.

"పిల్ల మళ్ళీ కాలు నేల తప్పించకుండా కొండకి నడిచిందాకా నీ కాలికి చెప్పుండకూడదు. దాని కాలు ఎత్తింది నువ్వేగా."

అమ్మ నాయన వైపు చూసింది. నాయన, "అమ్మ జెప్పింది గదా, కొన్నాళ్ళు అట్టాగే కానీయ్" అని తన కిర్రుచెప్పులు తొడుక్కుని చేలోకి వెళ్ళిపోయాడు. ఆ కిర్రు కిర్రు చప్పుడు వీధి మలుపు దాకా వినపడింది. అమ్మ తట్ట నెత్తిన పెట్టుకుని, చప్పుడు లేకుండా వెనకాలే వెళ్ళింది.

అక్కణ్ణించి మా ఇంట్లో ఏ చెడు జరిగినా దానికి పేరు సిద్ధంగా ఉండేది. వాన పడకపోతే కుంటి మొక్కు. మిరప తోటకు తెగులొస్తే కుంటి మొక్కు. నాయన బండి మీంచి పడితే కుంటి మొక్కు. నేను బడిలో పరీక్ష తప్పితే అదీ కుంటి మొక్కే, నేను చదవకపోవడం వల్ల కాదు! మంచి జరిగితే మాత్రం ఆ మొక్కు ఊసు ఉండేది కాదు. పత్తి బాగా పండిన ఏడు నాయనమ్మ "మా వాడి కష్టం" అంది.

ఆ నేల ఎట్టాంటిదో పల్నాట్లో పుట్టినవాళ్ళకు నేను చెప్పక్కర్లేదు. కంది కోసిన చేలో మోళ్ళు ఏటవాలుగా, కత్తి మొనల్లా నిలబడి ఉంటాయి. జొన్న కొయ్యకాళ్ళు సరేసరి. పల్లేరుకాయలు ఎక్కడపడితే అక్కడ. ఎండాకాలం మిరపకాయలు ఆరబోసిన కళ్ళంలో నేల నిప్పు, ఇంటికొస్తే వాకిట్లో పరిచిన నాపరాళ్ళు ఇంకో నిప్పు. అమ్మ నీడ నుంచి నీడకు గెంతుతూ వచ్చేది. చూసేవాళ్ళకు నవ్వులాటగా ఉండేది. మా ఊరి పిల్లలు ఆ నడకను అనుకరించేవాళ్ళు. నేను వాళ్ళ మీదికి రాళ్ళు విసిరేదాన్ని.

అమ్మ పుస్తెలతాడుకు ఎప్పుడూ ఒక పిన్నీసు వేలాడేది. చేలోంచి రాగానే గుమ్మంలో కూర్చుని, కాలు తొడ మీద వేసుకుని, పిన్నీసుతో ముళ్ళు తీసుకునేది. తీసిన చోట నల్లజీడి గింజ కాల్చి పెట్టుకునేది. ఆ చుర్రుమన్న వాసనకు నాకు ఇప్పటికీ వాంతి వస్తుంది. అరికాళ్ళ నిండా ఆనెలు, మడమల్లో పగుళ్ళు. బిందె ఎత్తేటప్పుడు, గట్టు దిగేటప్పుడు, కాలు మోపలేని చోట, "చేదుకో మల్లన్నా" అని గొణుక్కునేది. కొండ దారిలో నేను గొంతెత్తి అరిచిన మాటే అది. ఆ మాట అమ్మ నోట అట్టా విన్నప్పుడల్లా ఎవరినైనా పట్టుకుని కొట్టాలనిపించేది. ఎవరిని కొట్టను?

మరి నేను మళ్ళీ నడిచి మొక్కు తీర్చేయవచ్చుగా అంటారు. నేనూ అదే అడిగాను. ఇంట్లో అందరికంటే గట్టిగా అడిగాను. మరుసటి ఏడు వానల్లేవు, ఇల్లు కదిలే పరిస్థితి కాదన్నారు. ఆ మరుసటి ఏడు నాయనకు ఒంట్లో బాగాలేదన్నారు. ఈలోపల నేను పెద్దమనిషినయ్యాను. అంతే, ఆ దారి మూసేసింది నాయనమ్మే.

"ఈడొచ్చిన పిల్ల అడవిలో నడిచిద్దా? మధ్యలో ముట్టయితే కొండంతా మైల గాదూ?"

"మరి అమ్మ చెప్పులు?"

"దానికీ దీనికీ ఏం సంబంధమే? నీ పెళ్ళయినాక నీ మొగుడితో పోయి నడువ్."

పెళ్ళయ్యాక ఏమందో తెలుసా? "పెళ్ళయిన పిల్ల అవతలింటి మనిషి. ఈ ఇంటి మొక్కు దాని మీద నడవదు" అంది! పిల్లగా ఉన్నప్పుడు కుదరలేదు, ఈడొచ్చాక వీల్లేదు, పెళ్ళయ్యాక చెల్లదు. తాళం వేసి చెవి బావిలో పారేసి, తలుపు తీసుకోవే అన్నట్టుంది ఆవిడ వరస. దీన్ని ఎవరూ అన్యాయం అనలేదు. మా బంధువుల్లో ఒక్కరంటే ఒక్కరు అనలేదు. "మీ అమ్మ ఓర్పు గలది" అనేవాళ్ళు నాతో, అదేదో నేను సంతోషించాల్సిన సంగతైనట్టు.

నా పెళ్ళికి ముందు ఏడాది, కంది మోడు ఒకటి అమ్మ కుడి కాలి చిటికెన వేలి పక్కన దిగింది. అమ్మ మామూలుగా పిన్నీసుతో గెలికి, జీడి పెట్టుకుని, మర్నాడు మళ్ళీ చేలోకి వెళ్ళింది. వారం తిరిగేసరికి పాదం గుమ్మడికాయంత అయింది. ఒళ్ళు కాలిపోతూ పలవరింతలు. అప్పుడు కదిలాడు నాయన. బండి కట్టి గురజాల తీసుకెళ్ళాం. డాక్టరు చూసి, చిటికెన వేలు తీసేయకపోతే విషం పాదం మొత్తానికి ఎక్కుతుందన్నాడు. తీసేశాడు.

ఇంటికి పంపేటప్పుడు నాయనను పక్కకు పిలిచి తిట్టాడు. "ఈసారి ఇట్లా అయితే వేలు కాదు, మోకాలి కిందికి తీసేయాలి. చెప్పుల్లేకుండా ఈమెను చేలోకి పంపబాకండి." నేను అక్కడే ఉన్నాను. నాయన గంగిరెద్దులా తలూపాడు.

ఇంటికొచ్చి నాయనమ్మకు చెబితే, "డాక్టరుకేం తెలుసు మన మొక్కుల సంగతి? వేలితో పోయిందిగా, మల్లన్నే కాపాడాడు" అంది. అరికాలి మంట నా నెత్తికెక్కింది. "నీ మల్లన్నకు వేళ్ళు కావాలంటే నీవి ఇవ్వొచ్చుగా!" అని అరిచాను. నాయన నా చెంప మీద ఒకటిచ్చాడు. అమ్మ మంచం మీంచి, "ఊరుకోవే, నాకు నెప్పిగా ఉంది, గొడవ చెయ్యబాక" అంది. అమ్మ కోసం ఊరుకున్నాను. వాళ్ళ కోసం కాదు.

నాకు పెళ్ళయి నరసరావుపేట వెళ్ళాను. మా ఆయన అక్కడ మిల్లులో పని. కాపురానికి వెళ్ళిన కొత్తల్లోనే, మొదటిసారి పుట్టింటికి వచ్చినప్పుడు, అమ్మ నీళ్ళ బిందె దించి లోపలికి వస్తుంటే నాపరాళ్ళ మీద తడి అడుగులు పడ్డాయి. ఎండకు ఇట్టే ఆరిపోతున్నాయి. నేను గబగబా చీపురు పుల్ల ఒకటి విరిచి పొడవు కొలిచాను, ఇంకోటి విరిచి వెడల్పు కొలిచాను. ఆ రెండు పుల్లలూ రుమాల్లో చుట్టుకుని నరసరావుపేట తీసుకెళ్ళి, బస్టాండు పక్కన చెప్పులు కుట్టే అతనికి ఇచ్చాను.

అతను పుల్లలు చూసి, "మగాయన కాలా అమ్మా ఇది? చానా వెడల్పుందే" అన్నాడు.

"మా అమ్మది. కుడి కాలికి చిటికెన వేలు లేదు."

"అట్నా? అయితే ఆ పక్క బిగువుగా కుడతాలే. జారిపోకుండా."

ఒక ఆడమనిషి కాలు మగవాడి కాలంత పరుచుకుపోయిందంటే అది ఎంత నేల తొక్కి ఉండాలి! అక్కడే నిలబడి, ముక్కూ మొహం తెలియని ఆ మనిషి ముందు, కోపంతో ఏడ్చాను. పాపం అతనేమనుకున్నాడో, చెప్పులు మాత్రం గట్టిగా, మెత్తగా కుట్టిచ్చాడు.

తరవాతిసారి ఊరికి తీసుకెళ్ళి ఇస్తే అమ్మ వాటిని చేతిలోకి తీసుకుంది. వేలితో కుట్లు తడిమింది. వాసన చూసింది. తరవాత లేచి, పాత చెప్పులు ఎండి బిగుసుకుపోయి, ఎలుకలు కొట్టి ఉన్న ఆ చూరులోనే, వాటి పక్కన వీటినీ దోపింది.

"ఏందమ్మా ఇది! ఇంకా ఆవిడకి భయపడతన్నావా?"

"మీ నాయనమ్మకి భయపడి కాదే."

"మరి?"

"నేను చెప్పులేసుకున్నాక నీకేదన్నా అయితే? అది మల్లన్న చేశాడో, ఊరికే అయిందో నాకెట్టా తెలిసిద్ది? చచ్చిందాకా నా చెప్పుల వల్లే అనుకుంటా. అంతకంటే ముళ్ళు నయం."

నాయనమ్మ మీద ఉన్న కోపం అప్పటిదాకా తేలిగ్గా ఉండేది, ఒకే వైపు పోయేది. ఇప్పుడు అమ్మ మీద కూడా వచ్చింది. వేలు పోయినా, రేపు కాలు పోయినా, అమ్మ నా కోసమని నడుస్తూనే ఉంటుంది. ఆ నడక నా నెత్తిన పెడుతుంది. నేను అడిగానా? "నీ ముళ్ళతో నాకు పనిలేదు, నాకు కాళ్ళున్న అమ్మ కావాలి" అని అరిచి, అన్నం తినకుండా బస్సెక్కి వెళ్ళిపోయాను.

ఆ తరవాత నా మొదటి కడుపు నాలుగో నెలలో పోయింది. నాయనమ్మ కబురు విని ఏమందో నాకు ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. అమ్మ చూరు వైపు తలెత్తి చూడటం కూడా మానేసింది.

అవి సాగర్ కాలవలు తవ్వుతున్న రోజులు. ఎక్కడ చూసినా మట్టి లారీలు, కొత్త రోడ్లు. శ్రీశైలానికి కూడా ఘాట్ రోడ్డు మీద బస్సులు పోతున్నాయని, గుడి దగ్గరే దింపుతున్నాయని చెప్పుకునేవాళ్ళు. నాకు రెండోసారి కడుపు నిలిచి, ఏడో నెలలో పురిటికి పుట్టింటికి వచ్చాను. అప్పుడే శివరాత్రి. నేను వచ్చేసరికి ఇంట్లో నాయనమ్మా లేదు, నాయనా లేడు.

"ఏరీ?" అన్నాను.

"కొండకి పోయారు. బస్సులో" అంది అమ్మ, మిరపకాయల తొడిమలు తీస్తూ.

"బస్సులోనా?"

"ఊఁ. మీ నాయనమ్మ మోకాళ్ళు పడిపోయాయిగా, నడవలేదు. అందరూ బస్సులోనే పోతన్నారంట ఇప్పుడు."

నేను అమ్మ కాళ్ళ వైపు చూశాను. తొమ్మిది వేళ్ళు, నల్లగా పగిలి, ఎర్ర మిరపకాయల మధ్యన ఉన్నాయి. నాకు ఎంత ఒళ్ళు మండిందంటే లోపల బిడ్డ కదిలింది.

రెండో రోజు మధ్యాహ్నం వాళ్ళు దిగారు. నాయనమ్మ మొహం వెలిగిపోతోంది. అరుగు మీద చతికిలబడి, నీళ్ళు తాగి, వచ్చిన వాళ్ళందరికీ వినపడేలా మొదలుపెట్టింది.

"ఎంత సుకమే అమ్మాయ్! కిటికీ పక్కన కూర్చోబెట్టాడు నీ నాయన. అడవంతా ఇట్టా కళ్ళ ముందే తిరిగింది. అలుపు లేదు, సొలుపు లేదు. దర్శనం గూడా చల్లగా అయింది."

"బస్సుకి చక్రాలున్నాయా నాయనమ్మా?" అన్నాను.

ఆవిడకు అర్థం కాలేదు. నిజంగానే అర్థం కాలేదు, అదీ నా మంట. "లేకుండా ఎట్టా పోయిద్ది?" అని నవ్వింది. ఆవిడ అందరినీ మోసం చేసి ఉంటే కనీసం ఆవిణ్ణి పట్టుకోవచ్చు. ఆవిడ మనసులో అసలు ఆ బండీ ఈ బస్సూ ఒకచోట కలవనే లేదు.

ప్రసాదం నా చేతిలో పెట్టి, ఇంకో చెయ్యి నా కడుపు మీద వేసింది. కళ్ళు మూసుకుని మెల్లగా అంది.

"నీ గురించే మొక్కుకొచ్చానే. ఈసారి పురుడు సుకంగా అయితే, ఈ బిడ్డని దీని కాళ్ళతో కొండకి నడిపించుకొస్తానని."

నేను ఆ చేతిని కడుపు మీంచి విసిరికొట్టాను. "ఇంకా పుట్టలేదు! దీని కాళ్ళింకా నేలకు తగల్లేదు! నువ్వు బస్సెక్కి పోయి దీన్ని నడవమని మొక్కొస్తావా?" అని గొంతు పగిలేలా అరిచాను. ప్రసాదం అరుగంతా చెల్లాచెదురైంది. నాయన, "ఏయ్, కడుపుతో ఉన్నదానివి, నోరు మూసుకో" అంటూ లేచాడు. ఎప్పటిలాగే చెయ్యి ఎత్తాడు.

"ఆగు" అంది అమ్మ.

నాయనతో అమ్మ అట్టా అనడం నేను పుట్టాక వినలేదు. నాయన చెయ్యి దించేశాడు. అమ్మ మిరపకాయల చేట పక్కన పెట్టి, చేతులు దులుపుకుని, నాయనమ్మ ఎదురుగా వచ్చి నిలబడింది. గొంతు పెంచలేదు.

"అత్తా, ఇది నా బిడ్డ బిడ్డ. దీని కాళ్ళు నువ్వు మొక్కబాక. మొక్కేశావంటావా, ఆ మొక్కు నువ్వే నడువ్. బస్సెక్కకుండా నడువ్."

"ఏమే, దేవుడితోనా నీ పంతం? రేపు దీనికేదన్నా అయితే?"

అన్నేళ్ళు అమ్మను ఉత్త కాళ్ళతో నడిపించింది సరిగ్గా ఆ ప్రశ్నే. నా కడుపులో ఏడో నెల బిడ్డ. ముందొకటి పోయింది. అమ్మకు నాకంటే ఎక్కువ భయం ఉందని నాకు తెలుసు.

"ఏదన్నా అయితే నా మీదికి రానీయ్. చూసుకుంటా" అంది అమ్మ.

లోపలికి వెళ్ళి చూరులోంచి నేను తెచ్చిన చెప్పులు దించింది. చెంగుతో దుమ్ము తుడిచింది. వాటిని చేతిలో పట్టుకోలేదు. గుమ్మంలో కింద పెట్టి, ఒక్కో కాలూ దూర్చి, నాయనమ్మ ముందునుంచే, అరుగు మీద కూర్చున్న మగవాళ్ళ ముందునుంచే, వీధి నడిమధ్యన నడుచుకుంటూ చేలోకి వెళ్ళింది. ఆ కాళ్ళు చెప్పుల నడక మరిచిపోయాయి. ఎత్తి ఎత్తి వేస్తూ, తూలుతూ నడిచింది. కొత్త తోలు కిర్రుకిర్రుమంటుంటే వీధి మలుపు దాకా వినపడింది. నాయనమ్మ మలుపు వైపు చూస్తూ ఉండిపోయింది. నాయన కింద పడ్డ ప్రసాదం ఏరుతున్నాడు.

సాయంత్రం అమ్మ తిరిగొచ్చేసరికి చెప్పులు కరిచి రెండు కాళ్ళూ బొబ్బలెక్కాయి. నేను ఆ కాళ్ళు నా ఒళ్ళో పెట్టుకుని ఆముదం రాశాను. అమ్మ చెయ్యి నా కడుపు మీదే ఉంది. బిడ్డ కదిలిన ప్రతిసారీ "చేదుకో మల్లన్నా" అని గొణుక్కుంది. నేను పురుడు పోసుకుని, పిల్ల కేరుమన్నదాకా ఆ గొణుగుడు ఆగలేదు.

మర్నాడు పొద్దున్నే, ఆ బొబ్బల మీదే, అమ్మ మళ్ళీ చెప్పులు వేసుకుంది.